మూడు దారుల మూలలో ముగ్గు

నాగరాజ్ మూడు దారుల మూలలో చేతబడి చేస్తున్నాడన్నది పచ్చి అబద్ధం. ఈ మాట నగర్తపేటలో నీళ్ళ కొళాయి దగ్గర పుట్టి, లేసులూ గుండీలూ అమ్మే అంగళ్ళ మీదుగా నడిచి, టీ అంగడికి చేరేసరికి నిమ్మకాయలకు సూదులు కూడా మొలిచాయి. ఒకరు తలవెంట్రుకలు చూశానన్నారు. ఇంకొకరు కోడికాలు చూశానన్నారు. కోడికాలు నిజమే. పక్క సందులో బిరియాని తిన్నవాళ్ళు పారేసిన ఎముక అది. మంత్రాలకు ముక్క నమిలేసిన కాలు పనికొస్తుందా అని ఒక్కరికీ తోచలేదు.

ముందు ఆ మనిషి సంగతి చెప్పుకోవాలి. నాగరాజ్‌కు నలభై దాటింది. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే చిన్న అంగడి ఉంది. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి వీధిలో ఉండాలి. మాట బహు తక్కువ. మిక్సీ తెచ్చిన ఆడవాళ్ళు కోడలి మీద కోపమంతా వెళ్ళబోసుకున్నా, స్క్రూ తిప్పుకుంటూ "ఊఁ" అంటాడు, అంతే. అతని తల్లి సొన్నమ్మ ఆ చుట్టుపక్కల వీధులు ఊడ్చేది. పచ్చ కోటు తొడుక్కుని, పొడుగు చీపురు పట్టుకుని, పాలబండి కంటే ముందే వీధిలో ఉండేది. మొన్న ఆషాఢంలో పోయింది. జ్వరమని పడుకుంది, మళ్ళీ లేవలేదు.

పదకొండో రోజు భోజనాల దగ్గర సొన్నమ్మతో కలిసి పనిచేసిన నంజమ్మ, వక్కాకు నములుతూ నాగరాజ్ పక్కన కూర్చుంది.

"మీ అమ్మది మహా మొండి నాగరాజూ! అన్ని వీధులూ తెల్లారేలోపల ఊడ్చేసేది. ఆ బడికాడ మూడు దార్ల మూల మాత్రం గంట కొట్టినంకే ఊడుస్తాననె. మేమంతా కాఫీకి పోతే, ఆమె ఒంటిగా ఎండలో చీపురు పట్టుకొని మళ్ళా పొయ్యేది. పని చూసే మేస్త్రీ ఎంత అరిచె, వినలే. ఏమే సొన్నీ, ఎందుకే అంటే, 'పిల్లోళ్ళు ఆడుకొనే తావు, వాళ్ళకి అడ్డం ఎందుకులే' అనె."

నాగరాజ్ కలిపిన ముద్దను ఆకులో పెట్టేశాడు. నంజమ్మకు అర్థం కాని ఆ మాట అతనికి అర్థమైంది. ప్రపంచంలో అది అర్థమయ్యేది అతనొక్కడికే.

అతను ఆ బడిలోనే నాలుగో తరగతి చదివిన రోజులవి. పొద్దున స్నేహితులతో కలిసి బడికి వస్తుంటే, మూలలో ఊడ్చి కుప్ప పెట్టిన సొన్నమ్మ కొడుకును చూసి నవ్వింది. పక్కనున్న మారప్ప పట్టేశాడు.

"ఒరే, ఆమె నిన్ను చూసి నగుతాండాదిరా. మీ అమ్మనా?"

"ఎవురో, నాకేం తెలుసు?" అన్నాడు నాగరాజ్. అన్నవాడు ఊరుకోలేదు. మారప్ప నమ్మాలి కదా. పరుగెత్తుకుంటూ పోయి ఆ కుప్పను కాలితో తన్నాడు. ఎండాకులూ, కాగితాలూ, శనక్కాయ పొట్టూ గాలిలోకి లేచి వీధంతా పరుచుకున్నాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు. సొన్నమ్మ కొడుకు ముఖంలోకి ఒకసారి చూసి, వంగి చీపురు అందుకుంది.

"పోనీలే సామీ, నేను ఎత్తుకుంటాను" అంది, ఊరూ పేరూ తెలియని వాళ్ళ బిడ్డతో అన్నట్టు.

ఆ రోజుతో అయిపోయిందా? కాలేదు. అది ఆటయిపోయింది. ఎవరి తన్నుకు కసువు ఎక్కువ దూరం పోతుందో పందెం. పందెంలో ముందుండేది నాగరాజే. ఇంటికి వెళితే తల్లి కొడుతుందని బిక్కుబిక్కుమంటూ పోయేవాడు. ఆమె ఆ ఊసే ఎత్తేది కాదు. సంగటి ముద్ద కంచంలో పెట్టి, "పులుసు చాలునా?" అనేది. కొన్నాళ్ళకు ఆ మూలలో కుప్ప కనిపించడం మానేసింది. పిల్లలు వేరే ఆట చూసుకున్నారు. అమ్మను వేరే వీధికి మార్చారని నాగరాజ్ అనుకున్నాడు. బతికిపోయాననుకున్నాడు కూడా.

ఆమెను ఎవరూ మార్చలేదు. కొడుకు బడి లోపలికి పోయేదాకా ఆమే పక్కకు తప్పుకుంది. వాడి అబద్ధం వాడికి నిలబెట్టింది.

నంజమ్మ మాట విన్నాక నాగరాజ్ చెయ్యి కడుక్కుని లేచాడు. మర్నాడు తెల్లవారకముందే నంజమ్మ ఇంటి తలుపు తట్టి, చీపురు కావాలన్నాడు.

"మీ ఇంట్లో లేదా?"

"వీధి ఊడ్చేది అత్తా. పొడుగుది."

ఆ మూల ఇప్పుడు పాత మూల కాదు. అప్పుడు ఎండాకులు, ఇప్పుడు సకలం. గుడ్డపీలికలు, థర్మాకోల్, ఎండిన కొబ్బరి బొండాలు, ముడి వేసిన సాంబారు కవర్లు. పొద్దున చెత్తబండి ఎత్తుకుపోతే మధ్యాహ్నానికి మళ్ళీ గుట్ట. నాగరాజ్ అంగడి తెరవకముందు వచ్చి ఊడ్చేవాడు. చీపురు పక్కన పెట్టేలోపల ఇంకో కవరు వచ్చి పడేది. ఒకడైతే బండి ఆపకుండానే విసిరాడు, అది నాగరాజ్ భుజానికి తగిలి చిట్లింది. "సారీ అన్నా" అని కూడా అన్నాడు, పాపం, మర్యాదస్తుడు.

నడుముకు మందు రాస్తూ భార్య ఆశ మొత్తుకునేది. "దానికి మనుషులు లేరా? మీకేమి పట్టె?"

నాగరాజ్ "ఊఁ" అనేవాడు. పొద్దున్నే మళ్ళీ పోయేవాడు. వాన కురిసినా పోయాడు, పండగనాడూ పోయాడు.

చూడలేక నంజమ్మే ఉపాయం చెప్పింది. చెత్త ఎత్తినాక ఆ చోట ముగ్గు వేస్తే, దాని మీద పారెయ్యడానికి జనం వెనకాడతారు. ఊరంతా చేసే పనే అది. "నడిమధ్య రవంత పసుపూ కుంకుమా ఏయప్పా, ఇంకా జంకుతారు" అంది. నాగరాజ్ చేతికి ముగ్గు ఎక్కడిది? చుక్కలు మద్రాసు దిక్కుకు పోతే గీతలు మైసూరు దిక్కుకు పోయేవి. పద్మం వేద్దామని మొదలుపెడితే తేలు తయారయ్యేది.

ఇంకేం కావాలి జనానికి? తల్లి పోయిన మనిషి, తెల్లవారుజామున, మూడు దారులు కలిసే చోట వంగి, పసుపు కుంకుమలతో తేలు బొమ్మ వేస్తున్నాడు! అలా పుట్టింది ఆ పుకారు. పుట్టాక ఒక చిత్రం జరిగింది. చెత్త వెయ్యడం ఆగిపోయింది. బండ్లవాళ్ళు కవరు పట్టుకునే చుట్టు తిరిగి పోసాగారు. నంజమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాగరాజూ నవ్వుకున్నాడు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో ఉండలేదు. ఒకరోజు అంగడికి అన్నం తెచ్చిన ఆశ క్యారియరు కింద పెట్టి అసలు మాట చెప్పింది.

"మిమ్మల్ని మంత్రగాడంటే అననీ, పోనీ. ఇప్పుడేమంటాండారో తెలుసునా? అత్త దయ్యమై ఆ మూలలో ఉండాదంట. చీపురు చప్పుడు ఇనిపిస్తాదంట. అన్నం తినని పిల్లోళ్ళకి, 'సొన్నమ్మ వస్తాది, పట్టుకొని పోతాది' అని చెప్పి తినిపిస్తాండారు."

నాగరాజ్ చేతిలోని స్క్రూ బల్ల మీద పెట్టేశాడు. పిల్లలకు అడ్డం ఎందుకని ఎండలో ఊడ్చిన మనిషి పేరు చెప్పి పిల్లలను జడిపిస్తున్నారు!

"పోనీలెండి. మూల శుభ్రంగా ఉండాది కదా, మీకు కావాల్సింది అదే కదా" అంది ఆశ.

"అది ఒక్కటే కాదు" అన్నాడు. అతని నోట అంత పెద్ద జవాబు వచ్చేసరికి ఆశ తెల్లబోయింది.

మంత్రం కాదని అందరికీ చెప్పేస్తానంటే నంజమ్మ తిట్టింది. "నిజం చెప్తివా, మర్నాడే సాంబారు కవర్లు నీ భుజాన పడతాయి. భయం ఉండనీ రా పిచ్చోడా."

"పడనీ అత్తా."

ఆ రోజు నుంచి పసుపు కుంకుమలు మానేశాడు. ఒట్టి ముగ్గు వేశాడు. దానికి వేరే అర్థం తీశారు. మంత్రం కాదని టీ అంగట్లో ఒకరిద్దరితో అన్నాడు. వాళ్ళు తల ఊపి, గ్లాసు సగంలో పెట్టి పోయారు. అసలు సంగతి చెప్పాలంటే ఆ తన్ను సంగతి చెప్పాలి. అది కట్టుకున్న ఆశకు కూడా చెప్పలేదు. అయినా నిశ్చయించుకున్నాడు. ఎదుట నిలబడి ఎవరు అడిగితే వాళ్ళకు, ఎంతమంది వింటున్నా సరే, మొదటినుంచీ చెప్పెయ్యాలి. చిక్కు ఏమిటంటే, వీధంతా అతని గురించి అడుగుతోంది, అతన్ని అడిగే మనిషే లేదు.

ఆయుధపూజ వచ్చింది. అంగళ్ళవాళ్ళూ బండ్లవాళ్ళూ దిష్టి తీసి, కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయలూ, నిమ్మకాయలూ అన్నీ, దిష్టికి మూడు దారులు కలిసే చోటే కావాలి కనుక, ఆ మూలలోనే పగలగొట్టారు. పొద్దునకు రోడ్డు ఎర్రగా ఉంది. దిష్టి గుమ్మడికాయను దాటడానికే జంకుతారు, తాకడమా! నాగరాజ్ గంప పెట్టుకుని, వట్టి చేతులతో ఆ పెచ్చులు ఎత్తుతున్నాడు. నోట్లో బ్రష్షుతో ఎదురింటి వెంకటగిరియప్ప గడపలోనే నిలబడిపోయాడు. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

మూల ఇంటి పుష్పావతి, లేసుల అంగడి యజమానురాలు, మెట్లు దిగింది. "అత్తా, వద్దు, లోపలికి రా" అని కోడలు కొంగు పట్టుకుంది. పుష్పావతి కొంగు విడిపించుకుని, నిమ్మకాయల మధ్య అడుగులు వేస్తూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమప్పా నాగరాజూ, వీళ్ళ గుసగుసలు ఇని ఇని నా చెవులు వాచిపొయ్యె. నిన్నే అడుగుతాండా, నిజం చెప్పు. ఈడ నువ్వు చేసేదేమి? మీ అమ్మని పిలుస్తాండావా?"

నాగరాజ్ గంప పక్కకు జరిపి నిలబడ్డాడు. వెంకటగిరియప్పకూ, కిటికీలకూ వినపడేలా గొంతు పెంచాడు.

"మంత్రం యాడ వస్తాది పిన్నమ్మా, నాకు ముగ్గే రాదు. మా అమ్మ ఈడ ఊడ్చి పెట్టిన కుప్పని చిన్నప్పుడు నేను కాలితో తన్నినాను. ఆమె ఎవురో తెలీదని స్నేహితులకి చెప్పి తన్నినాను. ఒకసారి కాదు, దినామూ. ఆమె కొట్లే, తిట్లే. నేను బడి లోపలికి పొయ్యేదాకా కాచుకొని ఊడ్చె. ఆమె చచ్చినంక నాకిది తెలిసె. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. భయం పొయ్యింది కదా, రేపటినుంచి మళ్ళా కవర్లు ఏసేవాళ్ళు ఏయండి, నేను ఎత్తుతాను. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. ఆమె పేరు చెప్పి పిల్లోళ్ళని మాత్రం బెదిరించొద్దండి. కొంచెం జరుగు పిన్నమ్మా, నీ కాలికాడ పెచ్చు ఉండాది."