కింది మడతలోని బెజ్జాలు

1962లో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నెల్లూరుకు వేశారు. జనం మమ్మల్ని బ్రేకిన్‌స్పెక్టర్లనేవారు గాని, బ్రేకులు మా పనిలో ఒక భాగం మాత్రమే. బస్సు రోడ్డెక్కాలంటే దాన్ని కిందా మీదా చూసి, ఎఫ్.సి. అనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం చేయవలసింది మేమే.

ఆ రోజుల్లో కొత్త ఛాసీ, అంటే ఇంజనూ చక్రాలూ బిగించిన ఉక్కు చట్రం, కావాలంటే చాలాకాలం కాచుకోవాలి. అందుకని కొందరు పాత మిలిటరీ లారీ కొని, దాని ఛాసీ మీద బస్సు బాడీ కట్టించేవారు. అల్లూరు రూట్లో బస్సు నడిపే పెంచలయ్య గారూ అదే చేశారు. అలాంటి ఛాసీ నిండా పాత బోల్టు బెజ్జాలుంటాయి. ఆయన వాటిని వెల్డింగుతో పూడ్పించి, సానపట్టించి, నల్లరంగు వేయించి తెచ్చారు. నేను సుత్తితో తట్టాను, చేత్తో తడిమాను. బెజ్జం ఎక్కడుండేదో వేలికి తెలియలేదు. సంతకం చేశాను.

ఛాసీకి రెండు పక్కలా ఉండే దూలాలు పైనా కిందా మడిచిన ఉక్కు రేకులు. నిలువు భాగం మధ్యలో బెజ్జాన్ని పూడ్చవచ్చు. అంచులు ఏటవాలుగా అరగదీసి, వెనక రాగి బిళ్ల ఆనించి, వెల్డింగు నింపి, దానంతట అది చల్లారేదాకా ఆగాలి. కింది మడత సంగతి వేరు. బరువు పడ్డప్పుడల్లా సాగేది అదే. అక్కడ వెల్డింగు చేస్తే చుట్టూ ఉక్కు పెళుసెక్కుతుంది. ఆ బెజ్జాల్ని ఖాళీగా వదిలేయడమే మేలు.

వారం తిరక్కముందే ఒక ఉదయం వెల్డర్ మస్తాన్ మా ఆఫీసు వరండాలో కనిపించాడు. ఆ ఛాసీ పని చేసింది అతనే. లోపలికి రమ్మంటే రాలేదు.

"సార్, నాలుగు దినాలుగా నాకు నిద్ర పట్టటంలా. కింది మడతలో గూడా అయిదు బెజ్జాలు పూడ్చినా. వద్దని చెప్పినా ఓనరు వినలా. పెయింటరు కాచుకోనుండాడని, ఎర్రగా ఉండంగానే నీళ్లు పోయించినాడు."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు చూస్తారు గదా అనుకున్నా, సార్."



బస్సు అప్పటికే అల్లూరు వెళ్లిపోయింది. తిరిగొచ్చాక ఆపుదామని ఫైలు తెరిచి కూర్చున్నాను. ఒకే పంక్తిని నాలుగుసార్లు చదివి లేచాను. మస్తాన్‌ను మోటారు సైకిలు మీద వెనక ఎక్కించుకుని బయలుదేరాను. ఆ దారిలో చాలా దూరం రోడ్డు పక్కనే కాలువ ఉంటుంది. ప్రతి మలుపులోనూ నా కళ్లు ముందు కాలువలోకే పోయేవి.

సగం దారిలో బస్సు ఎదురైంది. నిండా జనం. చెయ్యెత్తి ఆపి, జాకీ అడిగి, కిందికి దూరాను. వేడి ఇంజనాయిలు మెడ మీద బొట్లు బొట్లుగా పడుతోంది. పైన జనం అరుస్తున్నారు. ఒకావిడ వంగి నాతోనే చెప్పింది.

"మా నాయన్ని ఆస్పత్రికి తీసకపోతుండా. నువ్వు బస్సు కింద దూరి ఏం జేస్తావు సామీ?"

మస్తాన్ చూపించిన చోట రంగు గీకాను. వెంట తెచ్చిన కిరసనాయిలు పూసి, శుభ్రంగా తుడిచి, మీద సున్నప్పొడి అద్దాను. పగులుంటే అందులోకి దిగిన కిరసనాయిలు పొడిలోకి ఊరి గీతలా కనబడుతుంది. మొదటి బెజ్జం దగ్గర ఏమీ లేదు. రెండోదాని దగ్గరా లేదు. "పోనిస్తావా పోనియ్యవా?" అని డ్రైవరు చక్రాన్ని కాలితో తన్నాడు. లేని తప్పు వెతుకుతున్నానేమోనని నాకే అనుమానం వచ్చింది. మూడో బెజ్జం అంచు నుంచి తడి గీత ఒకటి, బొటనవేలంత పొడవున, మెల్లగా తేలింది.

డ్రైవర్ని కిందికి పిలిచి చూపించాను. అతను గీత పొడవునా వేలు పెట్టి చూశాడు. పైకి లేచి, "దిగండమ్మా, దిగండి. ఈ బండి నేను తోల్ను," అన్నాడు.

అటుగా వచ్చిన వడ్ల లారీలో ఆవిణ్ణీ, ఆమె తండ్రినీ ఎక్కించాం. ఆయన ఏమయ్యాడో నాకు తెలియలేదు.

సాయంత్రం ఎఫ్.సి. రద్దు చేస్తూ, మొదటి తనిఖీలో రంగు గీకించకపోవడం నా లోపమని రాసిచ్చాను. "నీ మీద నువ్వే రాసుకుంటున్నావయ్యా," అన్నారు మా పై అధికారి. సంజాయిషీ అడిగారు, నా ప్రమోషను వెనక్కి పోయింది. పెంచలయ్య గారు దూలం మార్పించి బస్సు తిప్పుకున్నారు. మస్తాన్‌కు మాత్రం మళ్లీ పని ఇవ్వలేదు, తోటి ఓనర్లనూ ఇవ్వనివ్వలేదు. అతను కావలి వెళ్లి షాపు పెట్టుకున్నాడు. నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

రిటైరయ్యేదాకా పాత ఛాసీలను రంగు వేయకముందే తెమ్మనేవాణ్ణి. పని చేసిన మనిషినీ వెంట రమ్మని, ఓనరు కంటే ముందు అతనితో మాట్లాడేవాణ్ణి. కింది మడతలో బెజ్జాలేమైనా పూడ్చారా అని, నేను ఆనాడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే, దానికి జవాబు తెలిసినవాడూ ఊళ్లోనే ఉన్నాడు. అడగకుండా సంతకం చేశాను.