ఎర్రబంతుల కింది మచ్చ

నా డైరీల్లో చాలా పేజీలు ఎండ, వాన, బస్సు ఆలస్యం, ఇంటికొచ్చిన చుట్టాల గురించే. రోజూ రాసేవాడికి రోజూ విశేషం ఎక్కడ దొరుకుతుంది? విశేషం జరిగిన ఒక రోజు మాత్రం నేను రాయలేదు. ఎనభైల మొదట్లో ఒక ఆయుధ పూజ నాటి పేజీలో "పూజ అయింది. ఎండ." అని మాత్రమే ఉంది. ఆ రోజు ఇంకో ముక్క రాయడానికి చెయ్యి ఆడలేదు. అప్పుడు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో నేను చిత్తూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. ఊళ్లో ఆఫీసర్ల క్లబ్బు ఒకటి, అందులో దొరల కాలం నాటి స్నూకర్ టేబుల్ ఒకటి ఉండేవి. మా ఆఫీసు పెద్దసారే క్లబ్బుకు అధ్యక్షుడు. నేను ఏ పనైనా వరసగా చేస్తానని క్లబ్బు పనులు కూడా నాకే అప్పగించాడు. ఆట నియమాలన్నీ డైరీలోకి ఎక్కించుకున్నవాణ్ణి కాబట్టి రెఫరీగా నిలబడేదీ నేనే.

టేబుల్ బాగోగులు చూసేది మార్కర్. బట్టకు బ్రష్ కొట్టడం, ఇస్త్రీ చెయ్యడం, ఆట నడుస్తుంటే గోడమీది పలకలో పాయింట్లు జరపడం ఆయన పని. నగరిలో నేతవాళ్ల ఇంట పుట్టి, మగ్గం వదిలిపెట్టి ముప్పై ఏళ్ల కిందట వచ్చాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. క్లబ్బు వెనక గదే ఆయన ఇల్లు.

"పెండ్లాం కన్నా ఈ టేబులే నాతో ఎక్కువ కాపురం చేసినాది సామీ. ఒక్కనాడూ ఎదురు మాట్లాడలా," అనేవాడు.

ఆ ఏడు రాష్ట్ర ర్యాంకింగ్ పోటీ మా క్లబ్బుకు వచ్చింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి పెద్ద ఆటగాళ్లు వస్తారు. ఇక్కడి గెలుపోటములను బట్టి వాళ్ల స్థానాలు మారతాయి. అందుకని పాత బట్ట తీసేసి మద్రాసు నుంచి కొత్త ఆకుపచ్చ ఉన్నిబట్ట తెప్పించి పరిపించాం. ఆ రోజు అధ్యక్షుడు అందరి ముందూ మార్కర్‌తో అన్నాడు:

"దీనిమీద చిన్న గీత పడినా ఇంకో మాట ఉండదు. గది ఖాళీ చేసి నగరి బస్సెక్కడమే."

"నగరిలో నాకెవరుండారు సారూ, బస్సు కండక్టరు తప్ప?" అన్నాడు ముసలాయన. అందరూ నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు.

పోటీకి రెండు రోజుల ముందు ఆయుధ పూజ వచ్చింది. ఏటా ముసలాయన టేబుల్‌కు పూజ చేసేవాడు. నాలుగు కాళ్లకూ పసుపు, కుంకుమ. బంతులు కొట్టే క్యూ కర్రలన్నీ గోడకు చేర్చి గంధం బొట్లు. టేబుల్ చుట్టూ హారతి. ఆ ఏడు కూడా బట్టమీద తెల్ల దుప్పటి కప్పి అంతా జాగ్రత్తగానే చేశాడు. పెద్ద కర్పూరం బిళ్ల వెలిగించి, హారతి తిప్పి, పళ్లెం నా చేతికిచ్చి, గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టడానికి వెళ్లాడు.

నేను హారతి కళ్లకద్దుకుంటుండగా పక్కగదిలో ఫోను మోగింది. అధ్యక్షుడు ఆ సమయానికి ఫోను చేస్తానని ముందే చెప్పాడు. రెండోసారి మోగేలోగా ఎత్తకపోతే ఆయనకు కోపం. పళ్లెం కింద పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. చేతికందిన చోట, టేబుల్ మీదే పెట్టి పరుగెత్తాను.

బస ఏర్పాట్లు, భోజనాలు, జీపు. అయిదారు నిమిషాలు మాట్లాడి ఉంటాడు. తిరిగి వచ్చేసరికి వెంట్రుకలు కాలిన వాసన. పళ్లెం ఎత్తాను. దుప్పటి మీద గోధుమరంగు గుండ్రటి మచ్చ. దుప్పటి ఎత్తాను. కొత్త బట్ట రూపాయి బిళ్లంత మేర మాడిపోయి ఉంది. వేలు పెడితే పొడిపొడిగా రాలింది.

ముసలాయన గుమ్మడికాయ చెక్కలు పట్టుకుని వచ్చి, టేబుల్ వైపు చూసి, నా వైపు చూశాడు.

"పళ్లెం ఈడెవరు పెట్టినారు?"

పళ్లెం నా చేతిలోనే ఉంది. ఇంకెవరున్నారు ఆ గదిలో?

ఆయన వంగి చాలాసేపు చూశాడు. "ఎర్రబంతులు పేర్చే తావు సామీ ఇది. దేముడు కాల్చినా తావు చూసి కాల్చినాడు," అన్నాడు.

స్నూకర్‌లో పదిహేను ఎర్రబంతులను ముక్కోణంగా పేర్చి ఆట మొదలుపెడతారు. మచ్చ సరిగ్గా ఆ ముక్కోణం కిందికి వస్తుంది.

ముసలాయన తలుపులు దగ్గరికి వేసి, మద్రాసు నుంచి వచ్చిన బట్టలో మిగిలిన ముక్క తెచ్చాడు. అందులోంచి ఒక్కో పోగూ లాగి, సూదితో నిలువూ అడ్డమూ పోసి, మాడిన చోటును మళ్లీ నేశాడు. నేను కిటికీ దగ్గర కాపలా. సాయంత్రం జీపు చప్పుడు వినబడింది. ఆయన తొణక్కుండా సూది చొక్కాకు గుచ్చుకుని, ఎర్రబంతులు తెచ్చి అక్కడే పేర్చాడు. అధ్యక్షుడు లోపలికి వచ్చి టేబుల్ చుట్టూ నడిచాడు. ముక్కోణం దగ్గర ఆగాడు.

"అప్పుడే బంతులెందుకు?"

"అలంకారం సారూ. పండగ గదా."

ఆయన వెళ్లాక ముసలాయన నాతో నెమ్మదిగా అన్నాడు. "బయటపడితే నేనే చేసినానంటా. మీకు బిడ్డలుండారు. మీరు నోరెత్తబాకండి."

వద్దనాలి. అనలేదు. తల ఊపాను. రెండు రాత్రులు ఆ తల ఊపడమే గుర్తుకొచ్చి నిద్ర పట్టలేదు.

పోటీ మొదలైంది. తెల్ల చేతితొడుగులు వేసుకుని రెఫరీగా నిలబడ్డాను. ప్రతి ఆటలోనూ మొదట కొంచెం ఊపిరి ఆడేది. ఎర్రబంతులు ఒక్కొక్కటీ టేబుల్ అంచుల్లోని సంచుల్లో పడేకొద్దీ అక్కడ పచ్చబట్ట బయటపడేది. బంతులు తగ్గేకొద్దీ నా భయం పెరిగేది. ముసలాయన అతుకు కంటికి కనబడదు. కానీ చేత్తో తడిమితే వెంట్రుకంత ఎత్తు తగులుతుంది. వేగంగా వెళ్లే బంతికి అది లెక్క కాదు. మెల్లగా దొర్లే బంతి అటు వెళ్లకూడదని తొడుగుల్లో వేళ్లు ముడుచుకుని మొక్కుకునేవాణ్ణి. మొదటి రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది.

మూడో రోజు సెమీఫైనల్. ఆడుతున్నవాళ్లలో ఒకాయన హైదరాబాదు నుంచి ముందు తిరుపతి దిగి, కొండెక్కి, గుండు చేయించుకుని వచ్చాడు. క్లబ్బుల్లో ఆట నేర్పి బతికే మనిషి. ర్యాంకు నిలబడితేనే ఆయనను నేర్పడానికి పిలుస్తారు. ఆఖరి ఫ్రేములో, అంటే గెలుపు తేల్చే చివరి ఆటలో, ఒకే ఎర్రబంతి మిగిలింది. ఆయన దాన్ని మూల సంచివైపు మెల్లగా, చాలా మెల్లగా కొట్టాడు. అది మచ్చ మీదికే వెళ్తోందని నాకు ముందే తెలిసింది. అక్కడికి చేరి, తట్టుకున్నట్టు రవ్వంత పక్కకు తిరిగి, సంచి అంచుకు తగిలి ఆగిపోయింది.

అవతలి ఆటగాడు ఆ బంతిని వేసి, మిగతా రంగుబంతులూ వేసి గెలిచాడు. చప్పట్లు ఆగాక గుండాయన వచ్చి, అరచేత్తో బట్ట తడిమాడు. ఒకచోట చెయ్యి ఆగింది.

"రెఫరీగారూ, ఇక్కడేముంది?"

మొదటి వరసలోంచి అధ్యక్షుడు లేచాడు. నేను తొడుగుల వేళ్లు సర్దుకున్నాను. పలక దగ్గర్నుంచి ముసలాయన వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"పూజనాడు కర్పూరం పళ్లెం పెట్టినా సారూ. కాలింది. నేనే కుట్టినా."

"అందరి ముందూ చెప్పినా బుద్ధి రాలేదా? రేపు పొద్దున గది తాళం నా టేబుల్ మీద ఉండాలి."

"అట్నే సారూ."

ఆయన అంత మామూలుగా ఆ మాట అని, జేబులోంచి తాళంచెవి తీసి చూసుకున్నాడు. పారేసుకోకూడదని కాబోలు మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. నేను తొడుగులు రెండూ తీసి టేబుల్ అంచున పెట్టాను. ఎందుకు తీశానో తెలియదు.

"పళ్లెం పెట్టింది నేను సార్," అన్నాను. "ఆయన గేటు దగ్గరున్నాడు. దాచమన్నది కూడా నా భయమే."

"ఈ సామికి ఎండదెబ్బ తగిలినట్టుండాది," అన్నాడు ముసలాయన గబగబా. ఎవరూ నవ్వలేదు.

అధ్యక్షుడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఫైనల్ కానివ్వండి," అని కూర్చున్నాడు. రెఫరీగా వేరొకరిని పిలిచారు.

గుండాయనను వరండాలో పట్టుకుని, నా వల్ల మీ ఆట పోయిందని చెప్పాను. ఆయన నన్ను ఓదార్చలేదు. "పోయింది," అన్నాడు. క్యూ కర్రను గుడ్డసంచిలో పెట్టుకుని, హైదరాబాదు రైలు ఎన్నింటికని అడిగాడు. చెప్పాను. పోయింది అన్న ఆ ఒక్క మాట డైరీలో ఉంది, రైలు టైముతో సహా.

నెల తిరక్కుండా నన్ను పాకాలకు బదిలీ చేశారు. గది తాళం మాత్రం మళ్లీ ఎవరూ అడగలేదు. రోజూ పొద్దున చిత్తూరులో రైలెక్కి పాకాలలో దిగేవాణ్ణి.

మరుసటి ఆయుధ పూజకు సెలవు కావడంతో క్లబ్బుకు వెళ్లాను. ముసలాయన టేబుల్ కాళ్లకు పసుపు రాసి, హారతి మాత్రం వరండా మెట్ల దగ్గర వెలిగించాడు. నేను కళ్లకద్దుకుందామని పళ్లెం కోసం చెయ్యి చాచాను. ఆయన దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"మీరు ఆడ్నే నిలబడి దండం పెట్టుకోండి సామీ. పళ్లెం జోలికి రాబాకండి."

లోపల ఫోను మోగింది. నేను కదల్లేదు.