స్లాగ్ వెలుగులో దిగినవి

ఆ సాయంత్రం జంషెడ్‌పూర్ కద్మాలో మా అద్దె ఇంటి గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాను. ఆకాశం ఎర్రబడింది. ఆ ఎరుపులో చిన్న చిన్న బొమ్మలు వరుస కట్టి పక్కకి జరిగాయి, ఒక మెట్టు కిందికి దిగాయి, మళ్ళీ రెండో పక్కకి జరిగాయి. కళ్ళు నులుముకున్నాను. పోలేదు.

“గౌరీ, ఇలగ రా. పైన ఏటో దిగుతన్నాయి,” అన్నాను.

నా భార్య తల బయటికి పెట్టి చూసింది. “స్లాగ్ పోత్తన్నారు. ఈ ఊర్లో పుట్టినోడివి, ఇయాలే కొత్తగా సూత్తన్నావేటి?” అని నవ్వింది.

జంషెడ్‌పూర్‌లో కొలిమిలోంచి తీసిన స్లాగ్, అంటే కరిగిన ఇనప మడ్డి, పారబోస్తే ఆకాశమంతా మండినట్టు ఉంటుంది. చిన్నపిల్లలు కూడా తలెత్తి చూడరు. అందుకే నేనెన్నిసార్లు చెప్పినా ఇంట్లో అందరూ స్లాగేనన్నారు. నేనూ సరేననుకున్నాను. వేరే ఊళ్ళో అయితే మొదటి రోజే డాక్టరు దగ్గరికి లాక్కుపోయేవారు.

అసలు సంగతి బిస్టుపూర్ బజార్లో ఉంది. అక్కడొక దుకాణంలో కొత్తగా వీడియో గేమ్ మెషిన్ పెట్టారు. పైనుంచి దిగే బొమ్మల్ని నేలకి చేరకుండా కాల్చెయ్యాలి. నేను ఆదిత్యపూర్‌లో ఓ చిన్న కార్ఖానాలో ఓవర్‌హెడ్ క్రేన్ డ్రైవర్ని. పైన క్యాబిన్‌లో కూర్చుని, కింద మనిషి చెయ్యి చూస్తూ లీవర్లతో హుక్కు దించడం నా పని. ఆ మెషిన్‌కీ లీవరే. “క్రేన్‌వాలే కా హాథ్ హై, భాయ్!” అని దుకాణంవాడు నా క్రేన్ చేతిని అందరి ముందూ పొగిడేవాడు. నేను ఉబ్బిపోయేవాణ్ణి. డ్యూటీ దిగితే కాళ్ళు ఇంటికి రాకుండా అటే పోయేవి.

వానలు మొదలయ్యేసరికి బొమ్మలకి ఎర్ర ఆకాశం అక్కర్లేకపోయింది. గోడ మీద, అన్నం కంచంలో, రెప్పల వెనక, ఎక్కడ చూసినా అవే. ఒక పట్టపగలు క్యాబిన్‌లో ఉన్నాను. కింద బరువులకి గొలుసులు కట్టే మంగళ్ చెయ్యెత్తి ఆగమన్నాడు. అతని చుట్టూ వరుసలు దిగాయి. నా చెయ్యి నన్నడక్కుండానే లీవర్ని పక్కకి లాగేసింది. ఖాళీ హుక్కు అతని తల పక్కనుంచి ఊగిపోయింది.

“అరే, క్యా కర్ రహా హై!” అని మంగళ్ అరిచాడు.

క్రేన్ ఆపేసి, నిచ్చెన దిగి, ఫోర్‌మన్‌కి ఉన్నదంతా చెప్పాను.

ఆస్పత్రిలో కళ్ళు చూశారు. “ఐసైట్ నార్మల్.” తలకి వైర్లు అంటించి ఈఈజీ తీశారు. “ఈఈజీ నార్మల్.” నార్మల్ అన్నప్పుడల్లా నా గుండె జారేది, ఎందుకంటే ఆ చెప్పే డాక్టరు తెల్లకోటు మీదే బొమ్మలు దిగుతున్నాయి! చివరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. గౌరి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“పిచ్చి డాక్టరుకాడికా? ఎవులైనా సూత్తే?”

ఆయన నా మాటలన్నీ విని, “యే పాగల్‌పన్ నహీఁ హై,” అన్నాడు. ఇది పిచ్చి కాదట, నేను ఆట ఆపినా బ్రెయిన్ ఇంకా ఆడుతోందట. ఇలాంటి కేసు తనూ చూడలేదని దాచకుండా చెప్పాడు. “గేమ్ బంద్. నిద్రకి టాబ్లెట్. క్రేన్ భీ బంద్.”

“క్రేన్ ఎప్పటిదాకా సాబ్?”

“దేఖేంగే,” చూద్దాం అన్నాడు.

గేమ్ పోతే పోయింది గానీ క్రేన్ మాట వినగానే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ రోజునుంచి నేలమీద పని. పైన నా సీట్లో ఇంకొకడు. వాణ్ణి చూసీ చూసీ మెడ పట్టేసేది.

ఒక సాయంత్రం ఉండబట్టలేక బిస్టుపూర్ వెళ్ళాను. ఆడను, శబ్దం విని వచ్చేస్తాను అనుకున్నాను. రోడ్డవతల నిలబడి విన్నాను. వేళ్ళు వాటంతటవే కదిలాయి. మర్నాడు గోడనిండా బొమ్మలు. డాక్టరు “రిలాప్స్, తిరగబెట్టింది” అని టాబ్లెట్ డోసు పెంచాడు, తిట్టలేదు. ఆయన వాటా కూడా కలిపి గౌరి తిట్టింది.

తిట్టి, రేషన్ బియ్యం చేటలో పోసి నా ముందు పెట్టింది. “కూకుని రాళ్ళేరు. బొమ్మలొత్తే రానీ. రాయేదో గింజేదో సూసుకో. పంటికింద పడిందా, నీ పని సెప్తాను.”

మొదట్లో చేటమీద కూడా వరుసలు నడిచాయి. రోజూ ఏరాను. పోగాపోగా బియ్యం బియ్యంలాగే కనిపించింది. డాక్టరు విని, “కంటిన్యూ,” అన్నాడు.

చలికాలం పోయాక ఆయన నన్ను ఫిట్ అన్నాడు. “గ్రౌండ్ డ్యూటీకే. క్రేన్ ఇక నో.”

“సాబ్, ఇప్పుడేమీ కనపడట్లేదు,” అని బతిమాలాను.

“నమ్ముతాను. కానీ కింద మంగళ్ ఉంటాడు కదా,” అన్నాడు.

ఇప్పుడు మంగళ్‌తో కలిసి గొలుసులు కడుతున్నాను. చదివేవాళ్ళకి ఒక్క మాట. లేనిది కంటికి కనపడితే, పక్కవాళ్ళు చెప్పే సులువైన కారణంతో సరిపెట్టుకోకండి. చేతిలో యంత్రం ఉంటే ముందు దాన్ని ఆపండి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఆకాశం ఎర్రబడితే గౌరి ఇప్పటికీ అడుగుతుంది. “దిగుతన్నాయేటి?”

“లేదే, ఉత్త స్లాగే,” అంటాను. అబద్ధం కాదు. బొమ్మలు మళ్ళీ రాలేదు. కానీ కళ్ళు మూసుకుంటే క్యాబిన్ వస్తుంది. చేతుల్లో లీవర్లు, కింద మంగళ్ ఎత్తిన చెయ్యి, నెమ్మదిగా దిగుతున్న హుక్కు. ఈ సంగతి డాక్టరుకి చెప్పలేదు. చెబితే దీనికీ మందిస్తాడేమోనని భయం.