యోహానును నిలబెట్టిన మాట

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులో ముల్లులా ఇరుక్కొని ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఆరేడేళ్లకు నేను ఆత్మకూరులో చిన్న బడిపంతుల్ని. జపానుకు అభ్రకం ఎగుమతి చేసే మద్రాసు కంపెనీ ఒకటి ఆ భాష వచ్చిన గుమాస్తా కోసం వెతుకుతోందని విన్నాను. బడి నుంచి ఎలాగైనా బయటపడాలన్న ఆత్రం నాది. పాత పుస్తకాల అంగట్లో ఒక జపనీసు వాచకం కొన్నాను. 'వతాషి వ గోహన్ ఒ తాబెమాసు.' నేను అన్నం తింటాను. క్రియ మనలాగే చివరికి వస్తుంది, ఇంత సులువా అనుకున్నాను. కానీ పలికి చూపేవాళ్లు కావాలి.

ఉదయగిరి మిషను బడిలో నాతో చదివిన యోహాను ఉన్నాడు. సిపాయిగా సింగపూరు వెళ్లి, జపాను వాళ్లకు చిక్కి, మూడేళ్లకు పైగా ఖైదులో ఉండి వచ్చాడు. ఆత్మకూరు బస్టాండులో మూటలు దించేవాడు. పాత స్నేహం కొద్దీ ఆదివారం ప్రార్థన అయ్యాక నా దగ్గరికి వచ్చి కూర్చునేవాడు.

వాడితో విసుగెత్తిపోయేది. 'ఇది నా ఇల్లు' అని ఎలా అనాలిరా అంటే తెలియదు. 'మీ పేరేమిటి' తెలియదు. లే, మొయ్యి, త్వరగా, నిలబడు. అన్నీ ఇవే. అన్నేళ్లుండి ఒక్క మంచి వాక్యం నేర్చుకోలేదా అని కసిరాను. అక్కడ వాడితో ఎవరైనా మంచి వాక్యం మాట్లాడి ఉంటే కదా నేర్చుకోవడానికి! ఆ సంగతి నాకు తట్టలేదా? తట్టింది. తట్టినా కసిరాను.

ఒక సాయంత్రం టీ అంగడి ముందు, నలుగురిలో నా చదువు చూపించుకోవాలనిపించిందో, వాడి మీద కసి తీర్చుకోవాలనిపించిందో, మూట దించి వస్తున్న యోహానును చూసి గట్టిగా అరిచాను. "కియోత్సుకే!" కదలకుండా నిలబడమని.

నిలబడ్డాడు. మడమలు కలిపి, చేతులు తొడలకు ఆనించి, చూపు ఎటూ తిప్పకుండా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వులు ఆగినా వాడు కదలలేదు. దగ్గరికి వెళ్లి భుజం పట్టుకుంటే చెమటతో తడిసి, కర్రలా బిగుసుకుపోయి ఉన్నాడు.

"పోదాం రారా," అన్నాను.

"యసుమే అను," అని గొణిగాడు.

"ఏందిరా?"

"యసుమే. ఆ మాట అంటేగాని కదలకూడదు. అనరా, నీకు దణ్ణం పెడతా."

అన్నాను. బిగిసిన చేతులు వదులు చేశాడు. నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బస్టాండులో పనిలేనివాళ్లకు అదొక ఆట అయింది. వాడు కనబడితే చాలు, ఆ కూత. రెండో మాట వాళ్లకు తెలియదు. నేను చెప్పలేదు. వారం తిరక్కుండా యోహాను ఆత్మకూరు రావడం మానేసి, ఉదయగిరిలో ఇంటిపట్టునే ఉండిపోయాడు. ఇల్లు గడవక వాడి భార్య మరియమ్మ కూలికి పోయింది. ఒకరోజు బడికి వచ్చి, ఆ కూత మొదలుపెట్టిందెవరో తెలుసా అని నన్నే అడిగింది. తెలియదన్నాను.

వాడు ఆమెకు నా పేరు చెప్పలేదు. ప్రేమతోనా, అసహ్యంతోనా? అడిగే ధైర్యం లేక, వాడు బతికున్నన్నాళ్లూ ఉదయగిరి దారి తొక్కలేదు. కంపెనీ వాళ్లు నా అర్జీకి జవాబైనా రాయలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. మరియమ్మ అడిగినదానికి జవాబు మాత్రం రాస్తున్నాను. మొదట కూసింది నేనే. ఇన్నాళ్లకు కొంచెం ఊపిరాడుతోంది. అందుకు సిగ్గుగానూ ఉంది.