ముళ్ల అక్షరాల చాచా

మొన్న మా మనవడు ముంజేతి మీద పచ్చబొట్టు పొడిపించుకుని ఇంటికొచ్చాడు. నల్లగా, బొద్దుగా, చివర్లన్నీ ముళ్లు తేలిన నాలుగు ఇంగ్లిషు అక్షరాలు. ఏం రాసుందో ఎవరికీ అంతుపట్టలేదు. అది తప్పకుండా ఏదో అమ్మాయి పేరేనని మా కోడలు గంటసేపు ఇల్లు పీకి పందిరేసింది. తీరా చూస్తే అది ‘అమ్మ’ అట! “బ్లాక్‌లెటర్ ఫాంట్ తాతా, ఇప్పుడిదే స్టైల్” అన్నాడు వాడు, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు. ఆ జాతి అక్షరాల్లో మొదటిది ఒక్కటే పెద్దబడిలో, అంటే క్యాపిటల్‌లో రాసి, తక్కినవి చిన్నబడిలో రాయాలి. అన్నీ పెద్దబడివే వరసగా పేరిస్తే వాటిని రాసినవాడు కూడా చదవలేడు. ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు.

డెబ్బైల్లో నేను ఒమాన్‌లోని రూవిలో ఒక బిల్డింగుల కంపెనీలో టైమ్‌కీపర్‌ని. మా యార్డులో ఒక రేకుల షెడ్డు, అందులో టర్పెంటైన్ వాసన, ఆ వాసన మధ్యలో చాచా. హైదరాబాదులో పెళ్లి పత్రికలకు ఉర్దూ దస్తూరీ రాసి బతికిన మనిషి. రూవిలో మా కంపెనీకి బోర్డులు రాసేవాడు. ఇంగ్లిషు ఒక్క ముక్క చదవలేడు. ఏం రాయాలో నేను చీటీ మీద రాసిస్తే చూసి బొమ్మ గీసినట్టు గీసేవాడు. స్పెల్లింగు చూసుకోవడం నా పూచీ. ఒకరోజు ఆఫీసులో పారేసిన అక్షరాల పుస్తకం ఒకటి ఆయన చేతికి దొరికింది. అందులో, పాత సర్టిఫికెట్ల మీద కనబడే ముళ్ల అక్షరాల పేజీ దగ్గర ఆగిపోయాడు. “అరె బేటా, ఇది మా కలం రాతే కదా! కిందికి లావు, పక్కకు సన్నం. గోరోళ్లకు ఎవరు నేర్పిండ్రు ఇది?” అని మురిసిపోయాడు. రెల్లుపుల్ల తెచ్చి, మొన ఏటవాలుగా చెక్కి, ఆ పొద్దంతా అవే గీశాడు. చూస్తుంటే నాకే ముచ్చటేసింది.

ఆ వారమే ప్రహరీ గోడ పునాది గుంట దగ్గరికి ‘డేంజర్’ బోర్డు కావాలన్నారు. ఎప్పటిలాగే అన్నీ పెద్దబడి అక్షరాల్లో చీటీ రాసిచ్చాను. చాచా వాటికి ముళ్లు మొలిపించి తెచ్చాడు. స్పెల్లింగు చూశాను, ఒక్క తప్పు లేదు. మా ఫోర్‌మన్ జగిత్యాల మనిషి, నాకు మామ వరస. ఇంగ్లిషు కూడబలుక్కుని చదవగలడు. ఆయన బోర్డు ముందు నిలబడి, తల వంచి, చదువుతూ పక్కకు జరిగి, ఇంకాస్త జరిగి, నడుంలోతు గుంటలో పడ్డాడు. కాలు బెణికింది. పైకి లాగుతుంటే ఆయన అన్న మాట: “మంచిగనే రాసిండు గని, ఏం రాసిండురా?”

మేమంతా నవ్వాం. పెద్ద ఇంజనీరు నవ్వలేదు. “యే ఖత్రే కా బోర్డ్ హై యా షాదీ కా కార్డ్?” ఇది ప్రమాదం బోర్డా, పెళ్లి పత్రికా అని అరిచి, చాచాను బోర్డుల పని నుంచి తీసేసి ఎక్కడో దూరాన ఉన్న ఇబ్రా సైట్‌కు కూలీగా పంపమన్నాడు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. అన్నీ పెద్దబడివి రాసిచ్చిన చీటీ నాది అని ఒక్క మాట అనాల్సింది. ఉత్తరం సంతకానికి పంపేశాను. యాభై దాటిన మనిషి, కలం తప్ప బరువెరగని మనిషి, పికప్ వెనక ఎక్కి నాకు చెయ్యి ఊపాడు.

నెలన్నర తర్వాత బిల్డింగు పూర్తయింది. దాని యజమాని ఒమానీ షేక్. ఆయనకు సన్మాన పత్రం ఇవ్వాలి, అదీ దర్జాగా ఆ ముళ్ల అక్షరాల్లోనే ఉండాలన్నాడు ఇంజనీరు! రూవిలో ఏ ప్రెస్సులోనూ ఆ టైపు దొరకలేదు. శుక్రవారం పొద్దున చాచాను పిలిపించారు. బాగా రాస్తే రూవిలోనే ఉంచుతారు, లేదంటే సాయంత్రం బండికి మళ్లీ ఇబ్రా.

చాచా చేతులు చూశాను. సిమెంటు తినేసి వేళ్లు పగుళ్లిచ్చి వాచిపోయాయి, ముడుచుకోవడం లేదు. కలం రెండుసార్లు జారి పడింది. “నీ చెయ్యి ఇయ్యి బేటా. గట్టిగ పట్టకు. నేను తిప్పుత, నువ్వు ఎంబడి రా” అన్నాడు. కలం నేను పట్టుకుంటే నా మణికట్టు ఆయన పట్టుకున్నాడు. అక్షరాభ్యాసం నాడు మా నాయన పట్టుకున్నట్టు. మొదటి అక్షరం పెద్దది, తక్కినవి చిన్నవి. ఏ అక్షరం ఏ సైజో నేను చెప్పకముందే ఆయన చెయ్యి అలాగే పోతోంది.

ఉండబట్టలేక చెప్పేశాను. “చాచా, ఆ రోజు తప్పు నాది. అన్నీ పెద్దయి రాసిచ్చిన.”

“మాలూమ్ బేటా. పుస్తకంల చూసిన, బోర్డు పెట్టిన మర్నాడే.”

“మరి ఎందుకు చెప్పలే?”

“చెప్తే నిన్ను గూడ పంపుదురు. ఇద్దరం అక్కడుంటే ఇక్కడ మనోళ్ల హాజరీ ఎవరు రాయాలె? కదలకు, సిరా పారుతది.”

కాగితం చూసి ఇంజనీరు దానికి అద్దం కట్టించమన్నాడు. చాచా రూవిలోనే ఉండిపోయాడు. ఆ మాట తర్వాత మా మధ్య మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది. ఒక్క మాట చెప్పడానికి నాకు నెలన్నర పట్టింది, ఆ నెలన్నరా ఆయన సిమెంటు మోశాడు. కాలం నాకు చాలా మరిపించింది గాని, ఆ నెలన్నరలో ఒక్క రోజు కూడా తగ్గించలేదు.