దిగని మైకు

మైకు మేస్త్రి ఘనత చెప్పాలంటే వాన సభతోనే మొదలుపెట్టాలి. ఆయనా అలాగే చెబుతాడు. జోరున వాన, కరెంటు పోయింది, మంత్రిగారు నోరు తెరిస్తే మాట వేదిక కూడా దాటలేదు. మేస్త్రి లారీ బ్యాటరీ పీకి తెచ్చి తీగలు కలిపేసరికి ఆ కంఠం వీధి చివర మంగలి కొట్టు దాకా ఖంగుమంది. స్టేషను మైదానంలో నేల ఈనినట్టు జనం వచ్చిన రోజున కూడా ఆయన మైకు ఒక్కసారి కీచుమనలేదు. ఆ పార్టీ, ఈ పార్టీ అని లేదు. ఊళ్లో జనంతో ఎవరు మాట్లాడాలన్నా ముందు మేస్త్రి స్విచ్చి వెయ్యాల్సిందే.

అంతటివాణ్నీ నోరెళ్లబెట్టేలా చేసింది మంత్రులు కాదు, మేడవారు. పురసభ పుట్టినప్పటినుంచీ అధ్యక్షుడి కుర్చీ ఆ ఇంటిదే. మొదట తాతగారు, తర్వాత పెద్దయ్యగారు, ఇప్పుడు పోటీలో చినబాబు. బెదిరింపు లేదు, దొంగ ఓటు లేదు. జనమే ఎండలో వరసకట్టి మరీ వాళ్లకి వేసి వస్తారు.

“ఓటేసేది మనమే. కానీ మేడ మీద హాల్లో మిల్లు యజమాని, పెద్ద డాక్టరు, వకీలు, పత్రికాయన కూర్చుని టీ తాగి తలూపితే చాలు, మన చేతులు అటే పోతాయి. అదేం మహిమో!” అంటూ మేస్త్రి కళ్లు పెద్దవి చేసేవాడు.

అలాంటిది ఈసారి ఆయన కోడలే నిలబడింది. ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. మనిషి పొట్టి, పట్టు గట్టిది. వెనకవీధుల కుళాయిల్లో మురుగు కలుస్తోందని పురసభ చుట్టూ తిరిగీ తిరిగీ, వినేవాళ్లు లేక నామినేషన్ వేసింది. పత్రికాయన ఆమె పేరైనా అచ్చువెయ్యలేదు. ఇక మిగిలింది టౌన్‌హాలులో అభ్యర్థులందరి సభ. అక్కడ వినపడకపోతే ఇంకెక్కడా వినపడదు.

“మావయ్యా, నా మాట జనానికి చేరేలా చూడండి, అంతే చాలు,” అంది పొద్దున్నే.

“మంత్రుల్ని వినిపించినవాణ్ని, నిన్ను వినిపించలేనా తల్లీ?”

“ఊరందరికీ వినిపిస్తారు గానీ, ఇంట్లో నేను పిలిస్తే ఆయనకే వినపడదు,” అంది మేస్త్రి భార్య వంటింట్లోంచి.

సభలో చినబాబు చక్కగా మాట్లాడి కూర్చున్నాడు. కోడలు లేచి వచ్చింది. మైకు ఆమె నెత్తి మీద ఉంది.

“దణ్ణం పెట్టుకోమ్మా, కిందికి దిగొస్తుందేమో!” అన్నారెవరో. హాలంతా గొల్లుమంది.

మేస్త్రి ఒక్క ఉరుకున వెళ్లి స్టాండు మర తిప్పాడు. కదల్లేదు. రెండు చేతులా తిప్పాడు. ఊహూఁ. అది మేడవారి తాతగారి ఎత్తుకి బిగించిన మర. ఆ ఇంట్లో అందరూ నిలువెత్తు మనుషులే కాబట్టి మళ్లీ విప్పే పని పడలేదు. మధ్యలో మాట్లాడిన పొట్టివాళ్లంతా మెడలు సాచారే గానీ, దించమని ఒక్కరూ అనలేదు. దించొచ్చని మేస్త్రికీ తోచలేదు. తుప్పు పట్టి గొట్టం, మర ఒకటైపోయాయి. మైకు ఊడదీద్దామంటే దాని మెడా అంతే. మేస్త్రికి ముచ్చెమటలు పోశాయి.

అప్పుడు ముందు వరసలోంచి పెద్దయ్యగారు లేచారు. “అమ్మాయికి నా కుర్చీ ఇవ్వండయ్యా. ఎక్కి మాట్లాడుతుంది.”

చప్పట్లు! కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత చప్పట్లు. మేస్త్రి గుడ్లప్పగించి చూశాడు. ఈ పిల్ల ఇంకా నోరు విప్పలేదు, సభ అప్పుడే ఆయనదైపోయింది. ఎంత తేలిగ్గా!

కోడలు చేతులు జోడించింది. “వద్దండి పెద్దయ్యగారూ, మీరు కూర్చోండి. మీరు కూర్చుంటేనే వెనకవాళ్లకి నేను కనపడేది.”

ముందు ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా నవ్వింది. పెద్దయ్యగారూ నవ్వి కూర్చున్నారు. ఆమె మైకుని వదిలేసి వేదిక అంచుకి వచ్చింది.

“వినపడట్లేదు!” వెనకనుంచి కేక.

“అయితే ముందుకి రండి.”

కుర్చీలు జరిగాయి. జనం లేచి, నడిచి, వేదిక చుట్టూ మూగారు. ఆమె కుళాయి నీళ్ల గురించి, ఆసుపత్రికి వచ్చే పసిపిల్లల కడుపునొప్పుల గురించి చెప్పసాగింది. ఆ మాటలకి అడ్డంగా ఏదో జుమ్మంటోంది. అది తన మైకు పెట్టే! మేస్త్రి చెయ్యి చాచి స్విచ్చి కట్టేశాడు.

అప్పుడు వినపడింది ఆ నిశ్శబ్దం. జీవితమంతా చప్పుడు పెంచినవాడికి, ఒక్క గొంతు కోసం ఇంతమంది ఊపిరి బిగబట్టగలరని అప్పటిదాకా తెలియదు.

బయటికొస్తూ పెద్దయ్యగారు ఆగారు. “మేస్త్రీ, నీ కోడలు గట్టిదయ్యా. రేపు మేడకి టీకి రమ్మను. వచ్చేసారి మా తరఫున నిలబెడదాం.”

మేడ మీద టీ! మేస్త్రి కోడలి దగ్గరికి పరుగున వెళ్లి చెప్పాడు.

“టీ మన వీధిలో తాగుదాం, ఆయన్నే రమ్మనండి మావయ్యా. కుళాయి నీళ్లతో పెట్టిస్తాను,” అంది కోడలు.

గెలిచింది చినబాబే. కానీ వెనకవీధుల ఓట్లన్నీ ఒక్క మూటగా కోడలికే పడ్డాయి, మేడవారి హాల్లో ఆ పూట టీ చల్లారిపోయిందట. మేస్త్రి ఆ మరకి కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి కొట్టి కదిలించాడు. ఇప్పుడది ఎవరి ఎత్తుకైనా దిగుతుంది. ఆయన కూడా తన ఘనత వాన సభతో మొదలుపెట్టడం మానేశాడు.

“నిండు సభలో మైకు కట్టేసిన మేస్త్రి ఎవడైనా ఉన్నాడా? ఉన్నాడు. ఇదిగో, నేనే,” అంటాడు.