నెయ్యి దుకాణం కోడలు

నెయ్యి అమ్మే ఇంటికి కోడలిగా వచ్చిన అనసూయకు నెయ్యి పడదు. పెళ్లిచూపుల్లో ఆ సంగతి వాళ్లు అడగలేదు, వీళ్లు చెప్పలేదు. పుట్టింట్లో అదొక సంగతే కాదు మరి. నర్సంపేటలో చిన్నప్పుడు పాలు తాగితే పెదవులు వాచేవి, ఒళ్లంతా దద్దుర్లు తేలేవి. అది చూసి వాళ్ల నాయనమ్మ పాలగిన్నె పక్కన పెట్టి, పప్పన్నంలో నువ్వుల నూనె పోసి పెంచింది. పిల్ల పిడుగులా పెరిగింది.

1974 ఎండాకాలంలో పెళ్లయింది. మామ పాండురంగానికి వరంగల్ బజారులో ముప్ఫై ఏళ్ల దుకాణం, దాని వెనకే ఇల్లు. వచ్చినవాళ్ల అరచేతిలో రెండు చుక్కలు వేసి, రుద్ది వాసన చూడమని, ఆ తర్వాతే తక్కెడ ఎత్తే మనిషి. అత్త భూలక్ష్మి చేతికి ఎముక లేదు. ఆమె వడ్డిస్తే అన్నం నెయ్యిలో ఈదాల్సిందే.

మొదటి పూట బంతిలో అనసూయ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దత్తమ్మా, నాకు పడది."

"నెయ్యి పడకపోవుడేంది పిల్లా? పేదోళ్లకు దొరకకపోవుడు ఇన్న గని, పడకపోవుడు ఎన్నడినలే," అని భూలక్ష్మి ఆ చేతిని పక్కకు జరిపి గరిటెడు పోసింది.

కొత్త కోడలు, కొత్త ఇల్లు. రెండు ముద్దలు మింగింది. విస్తరి మడవక ముందే మూతి ఉబ్బింది, ఊపిరి ఈలలు వేసింది. రిక్షాలో హనుమకొండ దవాఖానకు తీసుకుపోయారు. డాక్టర్ సూది వేసి, పాలతో చేసిందేదీ ఈమెకు పెట్టవద్దని గట్టిగా చెప్పాడు. భూలక్ష్మి తల ఊపింది గాని నమ్మలేదు. రోజుకింత ఒంట్లోకి పోతే అదే అలవాటవుతుందని ఆమె లెక్క. నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం, చెప్పకుండా పప్పుకు నెయ్యితో పోపు పెట్టింది. మళ్లీ రిక్షా, మళ్లీ సూది.

ఇంటికి వచ్చిన అనసూయ మంచం ఎక్కలేదు. వాచిన కళ్లతోనే పెరట్లోకి పోయి, మూడు ఇటుకలు పేర్చి పొయ్యి వేసుకుంది.

"ఇయ్యాల్టి సంది నా బువ్వ నేనే వండుకుంట. మీ గిన్నె ముట్ట, నా గిన్నె మీరు ముట్టద్దు."

"వచ్చి నెల కాలే, ఏరుపొయ్యి పెడ్తాన్నవా?" అని అత్త గుండెలు బాదుకుంది.

"పాణం ఉంటేనే గదా అత్తమ్మా, కలిసుండుడు!"

ఆ పొయ్యి మీద అనసూయ ఒక్కొక్కటే తేల్చుకుంది. వేడి అన్నంలోకి, పచ్చళ్లలోకి నువ్వుల నూనె. దానికి పుట్టింటి నుంచే ఎదురులేదు. జొన్నరొట్టె మీదికి, వేయించిన పల్లీలను రోట్లో వేసి నూనె తేలేదాకా నూరి, ఉప్పు కలిపి వెన్నలా రాసుకునేది. గారెలకు కుసుమ నూనె తేలికగా ఉందనుకుంది. తీపి దగ్గరే చిక్కు వచ్చింది. ఏ నూనెతో చుట్టినా రవ్వ లడ్డూ చేతిలో నిలవలేదు, పొడిపొడిగా రాలింది. గట్టిగా పేరుకునేది కావాలి. అంటే నెయ్యిలా పేరుకునే నూనె, డాల్డా కావాలి.

భర్త మల్లికార్జున్‌ను అడిగితే అదిరిపడ్డాడు.

"నెయ్యి దుకాణపోని కొడుకు డాల్డా కొంటాండంటే, ఇగ బజార్ల తలెత్తుకుంటనా? జర ఊకో."

అనసూయ ఊకోలేదు. చెప్పులు వేసుకుని తానే పోయి డబ్బా కొన్నది. సంచిలో దాచలేదు, కొంగు కప్పలేదు. చంకన పెట్టుకుని, దుకాణం ముందు నుంచే నడిచి ఇంట్లోకి వచ్చింది.

మర్నాటికి బజారంతా అదే మాట: పాండురంగం నెయ్యిలో డాల్డా కలుస్తోంది, అందుకే ఇంటి కోడలే ఆ నెయ్యి ముట్టదు. పదింటికల్లా వెంకట్రాజం వచ్చాడు. రఘునాథపల్లి రైతు, బిడ్డ పెళ్లికి నాలుగు టిన్నుల నెయ్యి మాట్లాడుకున్నవాడు. ఆ మాట రద్దు చేసుకుంటానన్నాడు. చుట్టూ పది మంది గుమిగూడారు.

పాండురంగం చెంచాడు నెయ్యి పట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

"అమ్మా అనసూయా, ఒక్క చెంచా. అందరి ముంగట నోట్లె ఏసుకో. ముప్ఫై ఏండ్ల పేరు పోతాంది."

ఆయన అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. అనసూయకు జాలేసింది. కానీ చెంచా అందుకోలేదు.

"తినను మామయ్యా. తిన్నంక మూతి ఉబ్బుతది. గప్పుడు మీ నెయ్యిల ఇషముందంటరు. మీరు జరగుండ్రి, నేనే చెప్త."

అంతకు ముందు ఆ ఇంటి ఆడవాళ్లు గడప దాటి దుకాణంలోకి వచ్చింది లేదు. అనసూయ డాల్డా డబ్బా తీసుకుని వచ్చి, ధన్ అని గల్లా పెట్టె మీద పెట్టింది.

"ఈ డబ్బా నాది. నేనే కొన్న, నేనే తింట. ఎవరికన్న అనుమానముంటే నన్నడుగుండ్రి, మా మామను గాదు."

"మీ నెయ్యి అంత మంచిదైతే నువ్వెందుకు తినవు బిడ్డా?" అన్నాడు వెంకట్రాజం.

అనసూయ గాజులు పైకి తోసి, రెండు చేతులూ చాపింది. ఎడమ చేతికి ఇంత డాల్డా, కుడి చేతికి మామ చెంచాలోని నెయ్యి రాసింది. అట్లాగే నిలబడింది. కొత్త కోడలు తల వంచలేదు, కొంగు లాక్కోలేదు. ఒకరిద్దరు నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఎడమ చెయ్యి మామూలుగానే ఉంది. కుడి చేతి మీద మాత్రం తేలు కుట్టినట్టు ఎర్రగా దద్దుర్లు లేచాయి.

"చూసిండ్రు గదా! నా ఒంటికి పాలు పడయి, గంతే. మీకు పడ్తది, మీరు తినుండ్రి. నాకు పడది, నేను తిన. మీరు తింటాన్నరని నేను సావాల్నా?"

దాంతో నెయ్యిలో కల్తీ లేదని రుజువైనట్టు కాదు. వెంకట్రాజానికీ ఆ మాట తెలుసు. అందుకే అరచేతిలో రెండు చుక్కలు వేయించుకుని, రుద్ది, చాలాసేపు వాసన చూశాడు. ఆ తర్వాత చెయ్యి తుడుచుకుని, "నాలుగు టిన్నులు కట్టుండ్రి సేటూ," అన్నాడు. పోతూపోతూ పాండురంగంతో, "గిసొంటి కోడలుంటే నీకు కాపలా కుక్క అక్కెర లే," అన్నాడు. పొగిడాడో తిట్టాడో ఎవరికీ అర్థం కాలేదు.

పాండురంగం కోడలిని మెచ్చుకోలేదు, కోప్పడనూ లేదు. గల్లా పెట్టె మీది డబ్బాను తన చేతులతోనే తీసి లోపలికి పంపాడు. భూలక్ష్మి మాత్రం మూడు నెలలు మాట్లాడలేదు. పెరటి పొయ్యి పెరట్లోనే ఉండిపోయింది. వానాకాలం వచ్చేసరికి మల్లికార్జున్ ఎవరూ అడగకుండానే దాని మీద రేకుల కప్పు వేయించాడు.

ఎనభై ఒకటిలో అనసూయకు బిడ్డ పుట్టింది. పిల్లకు పాలు పడ్డాయి, నెయ్యి ఇంకా బాగా పడింది. భూలక్ష్మి మనవరాలికి నెయ్యిబువ్వ కలిపి తినిపిస్తూ ఒకరోజు కోడలిని దెప్పింది.

"చూస్తివా? నీ బిడ్డె తింటాంది."

లడ్డూ చుడుతున్న అనసూయ చెయ్యి ఆపలేదు.

"దానికి పడ్తాంది, తింటాంది. రేపు పడకుంటే, పెరట్ల ఇంకో మూడిటుకలు పెడ్త."